అది మార్పు కాదు, క్యాట్ ఫిష్



ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టల్ సీట్ల గురించి, కులం సర్టిఫికెట్ల గురించి చాలామంది రాస్తా ఉంటారు. మేము ఈసారి చేప గురించి రాస్తా ఉన్నాం. చేప గురించి రాసేదానికి ఏముంది అనుకోవద్దు. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ఇందులో మేము సిగ్గుపడిన సంగతి కూడా ఉంది. దాచుకుందామనే అనుకున్నాం, కానీ మాలాగ ఇంకొకరు తలదించుకోకూడదని రాస్తున్నాం.

మేమంటే నాయుడుపేట పక్కన ఒక యానాది కాలనీ పిల్లోళ్లం, ముగ్గురం. ఇద్దరం డిగ్రీ చదువుతున్నాం, ఒకడు ఐటీఐ. మా తాతల కాలం నుంచి మాకు చెరువు, కాలవ, పొలం గట్టు ఇవే బడి. స్వర్ణముఖి మా పక్కనే పోతుంది. చంద్రగిరి కొండల్లో పుట్టి, తిరుపతి, శ్రీకాళహస్తి దాటి, మా నాయుడుపేట మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే కనపడుతుంది. వాన పడితే మాత్రం ఒక్క రాత్రిలో రూపం మార్చేస్తుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది కదా, అప్పటి మాట. కాలేజీలకు సెలవులు. మూడు రోజులు వాన ఆగలేదు. మా ఊరి చెరువు నిండి అలుగు పారింది. అలుగు పారిందంటే మా కాలనీలో పండగే. నీళ్లకు ఎదురెక్కే చేప, నీళ్లతో కొట్టుకొచ్చే చేప, రెండూ కాలవలోనే దొరుకుతాయి. పెద్దోళ్లు విసురువలలు తీశారు, మేము మావులు కట్టాం. తెల్లారి పోయి చూస్తే మావులో పదకొండు చేపలు. నల్లగా, జిగటగా, మూతికి ఎనిమిది మీసాలు. మార్పులు! అందులో రెండు ఒక్కొక్కటి రెండు కిలోల పైన తూగాయి. అంత మార్పును మేము పుట్టినాక చూడలేదు. ఫోటోలు దిగి స్టేటస్ పెట్టుకున్నాం.

మా వైపు నాటు మార్పుకు ఉండే మర్యాద మీకు తెలుసు. బాలింతలకు, జ్వరం పడి లేచినోళ్లకు వండి పెడతారు. రక్తం పడుతుందని నమ్మకం. అందుకే రేటు కూడా ఎక్కువ. అవ్వకు చూపించకుండానే నేరుగా నాయుడుపేట మార్కెట్టుకు తీసుకపోయి, గోతం పట్ట పరిచి, "నాటు మార్పులు, నాటు మార్పులు" అని అరిచాం. గంటలో తొమ్మిది అమ్ముడుపోయాయి. పెద్ద చేపను ఒక పెద్దాయన కొన్నాడు. కూతురు కాన్పయి ఇంటికొచ్చింది, దానికి పులుసు చేయించాలి అని చెప్పి మరీ కొన్నాడు. బేరం కూడా ఆడలేదు.

అర్ధగంటకు ఆయన తిరిగొచ్చాడు. చేప కవరులోనే ఉంది. ఇంటి దగ్గర చేపలు తోమే ఆమె చూసి, ఇది మార్పు కాదు, చెరువుల్లో కోడి పేగులు వేసి పెంచే క్యాట్ ఫిష్ అని చెప్పిందంట. ఆయన మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మీరు యానాదోళ్లు కదా నాయనా, మీకు చేప తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసే చేశారా?" అని అడిగాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. తెలియదంటే మా తాతల పరువు పోతుంది, తెలుసంటే మా పరువు పోతుంది. డబ్బు తిరిగి ఇచ్చేశాం. మిగతా కొన్నోళ్లు ఎవరో, ఏ ఊరో మాకు తెలియదు. వాళ్ల డబ్బు మా జేబులోనే ఉండిపోయింది. అది ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఇంటికొచ్చి మిగిలిన రెండు చేపలు అవ్వ ముందు పెట్టాం. అవ్వకు చూపు సరిగా ఆనదు. ఒక చేపను చెంప ముల్లు గుచ్చుకోకుండా తల వెనక పట్టుకొని, బొటనవేలుతో తల మీద నొక్కుకుంటా పోయింది. రెండో నిమిషంలో కింద పెట్టేసింది. "ఏందిరా ఇది, తలకాయంతా ఎముకే ఉండాది. మన చేప కాదు ఇది" అంది. మేము కళ్లుండి చూడలేనిది అవ్వ వేలితో చూసింది.

"మరి మన చేప ఎట్లుంటుంది అవ్వా?" అంటే, "పక్కన పెట్టుకుంటే గదా తెలిసేది. పొయ్యి ఒకటి పట్టుకరాండి" అంది.

ఇక్కడే అసలు సంగతి మొదలయింది. ఒక్క నాటు మార్పు పట్టేదానికి మాకు పందొమ్మిది రోజులు పట్టింది. తూము కింద కాలవలు, వరి మళ్ల మూలలు, పాత బావి పక్కన బురద గుంటలు, అన్నీ తిరిగాం. కొర్రమట్ట దొరికింది, మట్టగిడసలు దొరికాయి, జిలేబులు లెక్కలేనన్ని దొరికాయి. మార్పు మాత్రం లేదు. మా నాయన వాళ్లు చిన్నప్పుడు మడి ఎండే కాలంలో బురదలో చేయి పెడితే రెండు మూడు తగిలేవంట. చివరికి ఒక మడి గట్టు కింద బొక్కలో ఊత వేసి, చేయి పెట్టి వెతికితే ఒకటి దొరికింది. జానెడు కంటే కొంచెం పెద్దది. మాలో ఒకడికి చేతికి ముల్లు గుచ్చుకొని సాయంత్రం దాకా మంట. అయినా నవ్వుకుంటానే వచ్చాం.

అప్పుడు ఎండబెట్టిన క్యాట్ ఫిష్ తలకాయ ఒకటి, బిందెలో నాటు మార్పు ఒకటి పక్కపక్కన పెట్టుకొని అవ్వ దగ్గర కూర్చున్నాం. అవ్వ చెప్పింది, పుస్తకాల్లో మేము తర్వాత చదివింది కలిపి ఇక్కడ రాస్తా ఉన్నాం. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి.

మొదటిది, తల వెనక ఎముక. చేపను పై నుంచి చూడండి. తల ఎముక ఎక్కడ ఆగి మెత్తటి వీపు మొదలవుతుందో అక్కడ వేలితో తడమండి. నాటు మార్పుకు ఆ అంచు మధ్యలో ఒకే కోసగా వెనక్కి పొడుచుకొని వస్తుంది, ఇంగ్లీషు 'వి' అక్షరం లాగ. ఆఫ్రికా చేపకు ఆ అంచు వంకర్లు తిరిగి 'డబ్ల్యూ' లాగ ఉంటుంది. చిన్న పిల్లల్లో కూడా నమ్మదగిన గుర్తు ఇదే. మిగతా గుర్తులు పెద్ద చేపల్లోనే బాగా తెలుస్తాయి.

రెండోది, తల సైజు. ఆఫ్రికాదానికి తల వెడల్పుగా, చదునుగా, పలక లాగ ఉంటుంది. ఒళ్లంతటిలో మూడో వంతు తలే ఉన్నట్టు ఉంటుంది. మనదాని తల చిన్నది, ఒంటికి తగినట్టు ఉంటుంది. అవ్వ "తలకాయంతా ఎముకే" అన్నది ఇదే.

మూడోది, రంగు. మనది గోధుమ నలుపు, ఒళ్లంతా దాదాపు ఒకే రంగు. ఆఫ్రికాది పెద్దదయ్యే కొద్దీ బూడిద రంగు మీద నల్లటి మచ్చలు, మబ్బులు కమ్మినట్టు. కానీ రంగును ఒక్కదాన్నే నమ్మొద్దు. బురద నీళ్లలో ఒక రంగు, తేట నీళ్లలో ఒక రంగు ఉంటుంది.

నాలుగోది, బరువు. నాటు మార్పు అడుగు, మహా అయితే అడుగున్నర. అరకిలో దాటిందంటే అనుమానపడండి. ఆఫ్రికాది మీటరు దాటి కూడా పెరుగుతుంది. రెండు కిలోల "మార్పు" చూసి మేము స్టేటస్ పెట్టుకున్నాం చూడండి, అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

మీసాలను చూసి మాత్రం ఏమీ తేల్చొద్దు. రెండింటికీ నాలుగు జతలే. వీపు మీద తల నుంచి తోక దాకా పొడుగు రెక్క కూడా రెండింటికీ ఉంటుంది. రెండూ గాలి పీల్చుకొని బతుకుతాయి, నీళ్లు లేకపోయినా తడి నేల మీద పాకుతాయి. మేము మోసపోయింది ఈ పోలికల వల్లే. ఇంకో చిక్కు కూడా ఉంది. హేచరీల్లో ఈ రెండింటినీ కలిపి సంకరం పిల్లలు కూడా తీస్తారు. వాటికి గుర్తులు అటూ ఇటూ కాకుండా ఉంటాయి. అలాంటిది చేతికి వస్తే నాటు అని చెప్పి అమ్మకుండా ఉండటమే మర్యాద.

పుస్తకాల్లో మన మార్పును ఇంతకుముందు క్లేరియస్ బాట్రాకస్ అని రాసేవారు, ఇప్పుడు క్లేరియస్ మాగర్ అంటున్నారు. ప్రపంచం మొత్తం మీద అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో అది ఉంది. ఆఫ్రికాది క్లేరియస్ గారిపైనస్. మన దేశంలో దాన్ని పెంచకూడదని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఆ చెరువులను తీసేయమని చెప్పింది. ఎందుకంటే అది చేప పిల్లలు, కప్పలు, పురుగులు, కుళ్లిన మాంసం, ఏది దొరికితే అది తింటుంది. ఒకసారి చెరువులోకి వచ్చిందంటే మళ్లీ బయటికి పంపడం ఎవరి తరం కాదు. అయినా తొందరగా పెరుగుతుంది, మేత ఖర్చు తక్కువ, అందుకని దొంగచాటుగా పెంచుతానే ఉన్నారు.

మా చెరువులోకి అవి ఎక్కడ నుంచి వచ్చాయి? పైన పొలాల్లో ఒక గుంతల వరస ఉంది. చుట్టూ వల కట్టి ఉంటుంది. గాలి మళ్లితే మా కాలనీ దాకా వాసన. రాత్రిళ్లు చికెన్ షాపుల వ్యర్థాలు డ్రమ్ముల్లో వస్తాయి. తుపానుకు ఆ గుంతల గట్లు తెగాయి. గుంతలు ఎవరివో మేము రాయం. కానీ అక్కడ కాపలా ఎవరిదో చెప్పాలి. మా మామది. మా కాలనీ మనిషిదే.

మామ కూతురి పెళ్లికి అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా అక్కడే గుడిసె, అక్కడే తిండి. మేము కోపంగా పోయి అడిగాం, నువ్వు యానాదోడివి అయ్యుండి ఈ చేపకు కాపలా ఉంటావా అని. మామ చుట్ట ఆర్పి అన్నాడు, "నాకు తెలీదంట్రా అది ఏం చేపో? మీకంటే ముందే తెలుసు. ఆఫీసరోళ్లు వస్తే నన్నే తోలకపోతారని కూడా తెలుసు. నా అప్పు మీరు తీరుస్తారా?"

మళ్లీ మా దగ్గర జవాబు లేదు. మార్కెట్టులో పెద్దాయన ముందు ఒకసారి, మామ ముందు ఒకసారి. తెలియక తలదించుకోవడం ఒక రకం. తెలిసి కూడా ఏమీ చేయలేక తలదించుకోవడం ఇంకో రకం. రెండోదే ఎక్కువ బాధ.

ఇంకో సంగతి. మాలో ఒకడు ఫోనులో దీని గురించి వెతుకుతా ఉంటే అమెరికా కథ ఒకటి దొరికింది. అక్కడ బోఫిన్ అని ఒక నాటు చేప ఉంది. రాకాసి బల్లుల కాలం నాటి వంశం. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే అది కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో బయట దేశం చేప ఒకటి బయటపడింది. దాన్ని స్నేక్‌హెడ్ అంటారు. పేరు వింటే భయంగా ఉంది కదా? అది ఎవరో కాదు, మన కొర్రమట్టకు చైనా వైపు చుట్టం! కుంటలో మందు కలిపి చేపలన్నీ చంపేశారు. అయినా రెండేళ్లకే పక్కన పొటోమాక్ నదిలో దొరికింది. దొరికితే వదలొద్దు, చంపండి అని అక్కడి ప్రభుత్వాలు జనానికి చెప్పాయి.

చిక్కు ఏమంటే, బోఫిన్, స్నేక్‌హెడ్ చూసేదానికి ఒకేలాగ ఉంటాయి. పొడుగు ఒళ్లు, వీపంతా రెక్క. కొందరు గాలం వేసేవాళ్లు స్నేక్‌హెడ్ అనుకొని తమ నాటు బోఫిన్‌నే చంపేశారు. అందుకని అక్కడ గుర్తులు నేర్పిస్తున్నారు. తోక ముందు కింది రెక్క బోఫిన్‌కు పొట్టి, స్నేక్‌హెడ్‌కు పొడుగు. బోఫిన్ గడ్డం కింద గట్టి ఎముక పలక ఉంటుంది, స్నేక్‌హెడ్‌కు ఉండదు. మన అవ్వ తల ఎముక తడిమినట్టే వాళ్లు గడ్డం తడుముతున్నారన్నమాట. మన మార్పుకు చుట్టమైన చేప కూడా 1960ల్లో ఫ్లోరిడాలో పెంపకం చెరువుల నుంచి తప్పించుకొని అక్కడ కాలవలన్నీ నిండింది. నడిచే చేప అని దానికి పేరు.

ఇది చదివినాక మాకు రెండు మాటలు తోచాయి.

ఒకటి, చేప చెడ్డది కాదు. ఇక్కడ బాలింతకు పెట్టే చేప చుట్టం అక్కడ దొంగ. ఆఫ్రికా నదుల్లో క్యాట్ ఫిష్ అక్కడి జనానికి మంచి తిండే. దాన్ని లాభం కోసం తెచ్చి మన నీళ్లలో పెట్టినోళ్లది తప్పు.

రెండోది మాకు ఇంకా దగ్గరది. పోలిక చూసి శిక్ష వేయడం అంటే ఏమిటో మన జాతికి ఎవరూ నేర్పించాల్సిన పని లేదు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. నెల్లూరు వైపు యానాదుల పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. ఆ చట్టం 1952లో రద్దయింది, కానీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన కాలనీ వైపు చూసే చూపు ఇంకా పూర్తిగా పోలేదు. కాబట్టి మార్పు విషయంలో మనమే ఆ తప్పు చేయకూడదు. ఆఫ్రికాది అనే అనుమానంతో నాటు చేపను గట్టు మీద పారేయకూడదు. నాటుది అనే ఆశతో ఆఫ్రికాదాన్ని అమ్మకూడదు. సరిగ్గా చూసి చెప్పాలి. అంతే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మార్పు తగ్గిందంతా ఈ చేప వల్లే కాదు. మళ్లలో కలుపు మందులు, పురుగు మందులు, పూడిపోయిన చెరువులు, ఆక్రమించిన కాలవలు, బోర్లు వచ్చినాక ఎండిపోయిన బురద గుంటలు, ఇవన్నీ కారణమే. మార్పుకు కావాల్సింది వాన కాలంలో లోతు తక్కువ నీళ్లు, గుడ్లు పెట్టేదానికి గట్టు కింద బొక్కలు. అవే పోతా ఉంటే ఏ చేప మిగులుతుంది?

మేము పట్టిన ఆ నాటు మార్పును ఏం చేశామో చెప్పలేదు కదా. అవ్వ పులుసు పెడతానంది. చింతపండు నానబెట్టింది కూడా. మళ్లీ ఆమే, "పందొమ్మిది దినాలు తిరిగినారు. దీన్ని తింటే ఇంక మీరు యాడ వెతికేది?" అంది. పట్టిన చోటే, ఆ మడి గట్టు కింద వదిలేసి వచ్చాం. ఆ రాత్రి చింతపండు నీళ్లతో చారు తాగాం. చారు బాగుంది.

మామ సంగతికి వస్తే, ఇంకా తేలలేదు. కాలనీలో కూర్చొని మాట్లాడాం. అడ్వాన్సు ఎంత, ఎంత తీరింది, కాగితం ఏమైనా ఉందా అని మొదటిసారి లెక్క రాశాం. మామ చెప్పిన లెక్క ప్రకారం అసలు ఎప్పుడో తీరింది. కాపలా మనిషిని బయటికి తెచ్చినాకే గుంతల గురించి ఫిర్యాదు ఇవ్వాలని అనుకున్నాం. చేపను కాపాడబోయి మనిషిని పట్టివ్వడం మాకు ఇష్టం లేదు. చట్టం తెలిసిన అన్నలు, అక్కలు ఈ గ్రూపులో ఉన్నారు. ఇట్లాంటి అప్పుల గురించి ఎక్కడికి పోవాలో, ఏం రాయాలో చెబితే మాకు పెద్ద సాయం.

చివరగా అందరికీ మూడు విన్నపాలు.

క్యాట్ ఫిష్ దొరికితే జాలిపడి మళ్లీ నీళ్లలో వదలొద్దు. పక్క చెరువుకు అసలు తీసుకపోవద్దు. మీ సచివాలయంలో మత్స్య సహాయకులు ఉంటే ఫోటో చూపించి ఎక్కడ దొరికిందో చెప్పండి.

నాటు మార్పు దొరికితే తల పై నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీసి, ఊరి పేరు, నెల రాసి ఇక్కడ పెట్టండి. ఏ గట్టు, ఏ బొక్క అని మాత్రం రాయొద్దు, వేరేవాళ్లు పోయి ఊడ్చేస్తారు. మన నాయుడుపేట, ఓజిలి, పెళ్లకూరు, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, ఎక్కడెక్కడ ఇంకా మిగిలిందో మనకన్నా ముందు తెలిసేది ఎవరికీ లేదు.

మూడోది, ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి చేపల పేర్లు అడగండి. వాళ్లు వేలితో చూసేది మనం రాసుకోకపోతే, రేపు మార్కెట్టులో ఎవరైనా "మీరు యానాదోళ్లు కదా, మీకు తెలియదా" అంటే నిజంగానే తెలియదని చెప్పాల్సి వస్తుంది.

మాకు ఒకసారి వచ్చింది. ఇంకోసారి రాకూడదు.

ఇట్లు, మీ నాయుడుపేట తమ్ముళ్లు